సరిహద్దు జిల్లాల చరిత్ర శాఖలు ఆధారాల రిజిస్టరును నడిపే విధానం

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల కళాశాలల్లో చరిత్ర శాఖల ఏడాది పని ఇంచుమించు ఒకే తీరున సాగుతుంది. ఒక సెమినారు, ఒక విజ్ఞానయాత్ర, ఒక వ్యాసరచన పోటీ, చలికాలంలో పూర్వవిద్యార్థుల సమ్మేళనం జరుగుతాయి. వాటి ఫోటోలు నాక్ (కళాశాలల ప్రమాణాలను అంచనావేసే సంస్థ) బృందం వచ్చినప్పుడు చూపడానికి ఒక ఫైలులో చేరతాయి. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. కాని పదేళ్ళ తరువాత ఆ శాఖలో చేరే విద్యార్థికి ఆ ఫైలు వల్ల చదువుకోవడానికి దక్కేది కూడా ఏమీ లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న శాసనాలు, తాళపత్రాలు, దస్తావేజులు, పెద్దల జ్ఞాపకాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వరుసగా రాసిపెట్టే రిజిస్టరు ఒకటి శాఖలో ఉంటే, అధ్యాపకులు మారినా విద్యార్థులు వెళ్ళిపోయినా పని తెగిపోదు. అటువంటి రిజిస్టరును అధ్యాపకులు, విద్యార్థులు, పూర్వవిద్యార్థులు కలిసి ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ పని ఇతర ప్రాంతాలకంటే మనకు ఎక్కువ అవసరం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అందువల్ల ఒకే ఊరి కాగితాలు కొన్ని చెన్నైలోనూ, కొన్ని భువనేశ్వర్‌లోనూ, కొన్ని శ్రీకాకుళం వైపు బంధువుల ఇళ్ళలోనూ ఉన్నాయి. పాత జమీందారీ లెక్కల్లో అక్షరాలు కలిపి రాసే గొలుసుకట్టు తెలుగు రాత కనిపిస్తుంది. దాని పక్కనే కరణాలు వాడిన ఒడియా కరణీ రాత కూడా కనిపిస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదివిన మన పిల్లలకు రెండు భాషలూ వస్తాయి గాని, ఈ రెండు పాత రాతల్లో ఏదీ చదవడం రాదు. అవి చదవగలిగిన ముసలివారు ఊరికి ఒకరిద్దరైనా మిగిలారో లేదో చూసుకోవలసిన కాలం ఇది.

పూర్వవిద్యార్థులతో మొదలుపెట్టడం

పని ఊరినుంచి కాక పూర్వవిద్యార్థుల జాబితానుంచి మొదలుకావాలి. ముందుగా శాఖలోని పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీసి పేర్లు రాసుకోవాలి. బరంపురం విశ్వవిద్యాలయం 1967లో, పర్లాకిమిడిలోని శ్రీకృష్ణచంద్ర గజపతి కళాశాల 1896లో మొదలైనవి కాబట్టి, ఇటువంటి చోట్ల జాబితా చాలా పొడవుగానే వస్తుంది. సాధారణంగా ఈ పేర్లను ఏ ఏడాది చదివారన్న క్రమంలో పేరుస్తారు. సమ్మేళనానికి పిలవడానికి ఆ క్రమం బాగుంటుంది. సేకరణకు మాత్రం ప్రస్తుతం ఏ ఊళ్ళో ఉన్నారు, ఏ ఉద్యోగం చేస్తున్నారు అన్న క్రమమే పనికివస్తుంది. కాశీనగర్ దగ్గర బడిపంతులుగా ఉన్నవారు, తహసీలు కార్యాలయంలో పనిచేసేవారు, గుడి ధర్మకర్తల వద్ద లెక్కలు రాసేవారు, పాత ఆస్తిదావాలు చూసే వకీళ్ళు, వీరే ఆధారాలకు దగ్గరగా ఉన్నవారు. ఆంధ్ర వైపునున్న ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం నుంచి వచ్చి ఇటు చదువుకొని తిరిగి వెళ్ళినవారిని మరచిపోకూడదు. పర్లాకిమిడికి పాతపట్నం ఎంత దగ్గరో తెలిసినవారికి, రాష్ట్రం దాటింది కదా అని ఆ పేరు కొట్టేయడం ఎంత అవివేకమో వేరే చెప్పనక్కరలేదు.

వారికి రాసే మొదటి ఉత్తరంలో చందా ప్రస్తావన ఉండకూడదు. ఒకే ఒక ప్రశ్న అడగాలి: మీ ఊళ్ళో రాతిమీది రాతగాని, తాళపత్రాలుగాని, యాభై ఏళ్ళు దాటిన దస్తావేజులుగాని, ఎనభై ఏళ్ళు దాటినా జ్ఞాపకశక్తి గల మనిషిగాని ఉన్నారా? ఉత్తరం తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. జవాబు వచ్చిన ప్రతివారికీ అధ్యాపకుడే స్వయంగా ఫోన్ చేసి మాట్లాడాలి. ఈ పనిని విద్యార్థులకు అప్పగిస్తే, పాత విద్యార్థులు తమ గురువు అడిగినప్పుడు ఇచ్చినంత శ్రద్ధ ఇవ్వరు. మాటల్లో దొరికిన సమాచారాన్ని ఆ రోజే రిజిస్టరులో ఎక్కించాలి.

రిజిస్టరులో ఏమి రాయాలి

గట్టి అట్ట ఉన్న పెద్ద పుస్తకం ఒకటి కొని, పేజీలకు ముందుగానే సంఖ్యలు వేయాలి. కంప్యూటరులో నకలు ఉండవచ్చు గాని అసలు పుస్తకమే ఉండాలన్నది నా అభిప్రాయం. ఎవరు ఎప్పుడు ఏమి దిద్దారో కాగితంమీద దాగదు. ప్రతి ఆధారానికి వరుససంఖ్య, ఊరు, ఇప్పటి బ్లాకు, పాత తాలూకా లేదా జమీందారీ, ఆధారం ఎవరి అధీనంలో ఉంది, ఎవరు చూపించారు, చూసిన తేదీ, లిపి, భాష, స్థితి, ఫోటోల సంఖ్యలు, యజమాని ఏ మేరకు అనుమతించారు అన్నవి రాయాలి. ఊరిపేరు తెలుగువారు పలికే రూపంలోనూ ఒడియా రూపంలోనూ రాయాలి. బరంపురం అని వెతికేవారికి బ్రహ్మపూర్ కింద ఉన్నది దొరకదు, గుణుపురం, జయపురం విషయమూ అంతే. లిపినీ భాషనూ విడిగా రాయడం ముఖ్యం, ఎందుకంటే తెలుగు అక్షరాల్లో ఉన్న సంస్కృత శాసనాన్ని చూసి ‘తెలుగు శాసనం’ అని రాసిపెట్టినవారు తక్కువేమీ కాదు.

శాసనాల పని

విద్యార్థులను మొదట తీసుకువెళ్ళవలసిన చోటు వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగం. అది శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా, తూర్పుగాంగుల రాజధాని కళింగనగరం అదేనన్న నిర్ణయం జరిగింది మన పర్లాకిమిడి పండితుల శ్రమవల్ల. పర్లాకిమిడిలో చరిత్ర బోధించిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) ఆ గుళ్ళ గోడలమీది పాత లిపులను తమంతట తాముగా నేర్చుకొని చదివారు. ఆయనను వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే తలచుకొనే మనం, చరిత్ర అధ్యాపకుడు తన పరిసరాల్లో ఏమి చేయగలడో చూపిన మనిషిగా కూడా తలచుకోవాలి. ముఖలింగంలోని మధుకేశ్వరాలయంలో తెలుగు అక్షరాల్లో ఉన్న శాసనాలు విరివిగా దొరుకుతాయి కాబట్టి, కొత్తవారికి ధైర్యం వస్తుంది. దక్షిణభారత శాసనాలు (సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్) అనే గ్రంథమాల 5వ సంపుటంలో ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు అచ్చయి ఉన్నాయి. ఒక శాసనాన్ని గోడమీద చదివి, తరువాత అచ్చుపాఠంతో పోల్చుకోవడంకంటే మంచి అభ్యాసం లేదు. పోల్చుకోవడం ముందుగా చేస్తే, కళ్ళు రాయిని వదిలి పుస్తకాన్ని చదువుతాయి.

రెండో దశలో పురుషోత్తంపూర్ దగ్గర ఋషికుల్య ఒడ్డున ఉన్న జౌగడ చూపాలి. 1850లో వాల్టర్ ఎలియట్ నకలు తీసిన ఈ అశోక శాసనాల్లో 11, 12, 13 సంఖ్యల ధర్మలిపులు (అశోకుని ధర్మశాసనాలు) లేవు. కళింగయుద్ధాన్ని చెప్పే 13వది కళింగదేశంలోనే లేకపోవడం ఎందుకన్న ప్రశ్నపై తరగతిలో గంటసేపు చర్చ నడిపించవచ్చు. లేని ఆ మూడింటి స్థానంలో సమాపా నగర మహామాత్రులను (అశోకుని ఉన్నతాధికారులను) ఉద్దేశించిన రెండు ప్రత్యేక శాసనాలు ఉన్నాయి. మహేంద్రగిరిమీద రాజేంద్రచోళుని కాలపు శాసనం ఉంది. అయితే కొండ ఎక్కవలసిన యాత్ర కాబట్టి వర్షాలు వెనకబట్టిన తరువాత, స్థానికుడైన పూర్వవిద్యార్థి తోడుతో మాత్రమే వెళ్ళాలి.

ఊళ్ళో కొత్తగా శాసనం కనిపించినప్పుడు పాటించవలసిన క్రమం ఇది. గుడి పెద్దల అనుమతి, రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి తీసుకున్నాకనే రాతిని ముట్టుకోవాలి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, అవసరమైతే మంచినీళ్ళతో తుడవాలి. అక్షరాలు కనబడడానికి సుద్దగాని, పసుపుగాని, పిండిగాని, నూనెగాని రాయకూడదు; అవి రాతిలో ఇంకి, తరువాత వచ్చేవారి పనిని చెడగొడతాయి. ఇనుపతీగల బ్రష్షు అసలు తేకూడదు. ఫోటో నడిమధ్యాహ్నం తీస్తే అక్షరాలు చదునుగా పడతాయి. పొద్దు వాలేవేళ ఏటవాలు వెలుగులో గాని, చీకటిపడ్డాక టార్చిలైటును రాతికి ఒక పక్కనుంచి పట్టుకొని గాని తీస్తే, కంటికి కనబడని గీతలు కూడా బయటపడతాయి. టార్చిని ఎడమవైపునుంచి ఒకసారి, కుడివైపునుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి పట్టించి మూడు ఫోటోలు తీయాలి. పక్కన కొలబద్ద పెట్టడం మరవకూడదు. ఇంత చేసినా చదవలేని శాసనానికి అచ్చుప్రతి తీయాలి: తడిపిన దళసరి కాగితాన్ని రాతిమీద పరచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బిరుసు బ్రష్షుతో కొట్టి, తడి ఆరుతుండగా సిరా అద్దిన గుడ్డదిండుతో తట్టితే, అక్షరాలు తెల్లగానూ మిగతా భాగం నల్లగానూ వస్తాయి. తెలిసినవారి పక్కన కూర్చొని నేర్చుకోవలసిన పని ఇది. పూర్వవిద్యార్థుల్లో పురావస్తు శాఖలోనో మ్యూజియంలోనో పనిచేసేవారు ఒక్కరున్నా ఒక ఆదివారం పిలిపించుకోవాలి.

రాగిరేకులు ఎవరింట్లోనైనా ఉన్నాయంటే, పండుగకు చింతపండుతో తోమవద్దని ముందు మనవి చేయాలి.

తేదీలు తేల్చడం

పాత కాగితం చేతికి వచ్చిన విద్యార్థి ఎక్కువగా తడబడేది సంవత్సరం దగ్గరే. శక సంవత్సరానికి 78 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుందన్నది అందరికీ తెలుసు. మద్రాసు రాజధాని రెవెన్యూ కాగితాల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటుంది. దానికి 590 కలపాలి, ఏడాది జూలై 1న మొదలవుతుందని గుర్తుంచుకోవాలి. ఆ లెక్కన ఫసలీ 1345 అంటే 1935 జూలై మొదలు 1936 జూన్ చివరిదాకా. ఆ ఫసలీ నడుస్తుండగానే గంజాం ఒరిస్సాలో చేరింది కాబట్టి, 1345 కాగితం కనబడితే అది ఏ నెలదో చూడకుండా ఏ ప్రభుత్వపు కాగితమో చెప్పకూడదు.

ఇంకా చిక్కయినది ఒడిశాను ఏలిన గజపతి రాజుల అంక సంవత్సరం. రాజు పట్టాభిషేకం నుంచి లెక్కించే ఈ పద్ధతిలో 1ని వదిలేస్తారు. 6తో ముగిసే అంకెలన్నీ వదిలేస్తారు. 10ని మాత్రం ఉంచి, 20, 30 వంటి సున్నతో ముగిసేవి వదిలేస్తారు. కనుక 25వ అంకం అని ఉంటే 1, 6, 16, 20 తీసివేయాలి; అది నిజానికి పాలనలో 21వ ఏడాది. పైగా అంకం భాద్రపద శుద్ధ ద్వాదశినాడు మారుతుంది, ఉగాదినాడు కాదు. ఈ లెక్క తెలియక నాలుగేళ్ళు తేడా వచ్చి, ఒక రాజు చనిపోయాక దానం చేసినట్లు తేలే సందర్భాలు వస్తాయి. ప్రతి విద్యార్థిచేత 2 నుంచి 50 వరకు అంకాల పట్టిక ఒకసారి చేతితో రాయించడం మంచిది.

ప్రభవాది సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తాయి కాబట్టి, ధాత అన్నంతమాత్రాన 1876–77నా, 1936–37నా అన్నది తేలదు. కాగితంలో ఉన్న మనుషుల పేర్లతో, తిథివారాలతో సరిచూసుకోవాలి. చదివిన తేదీని, లెక్కకట్టి తేల్చిన తేదీని రిజిస్టరులో పక్కపక్కన రెండు గడుల్లో రాయాలి. మన లెక్క తప్పయినా కాగితంలో ఉన్నది అలాగే మిగలాలి.

పెద్దల మాటలు నమోదు చేయడం

ఈ జిల్లాల్లో నమోదు చేయవలసిన విషయాలకు కొరత లేదు. గోపాలపురం రేవునుంచి ఓడ ఎక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళినవారి కుటుంబాలు, 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినప్పుడు అడవులవెంట నడిచి తిరిగివచ్చినవారి పిల్లలు ఇంకా ఉన్నారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసి, 1931లో గుణుపురం దాకా పొడిగించిన చిన్నరైలులో ప్రయాణించినవారు, దానిలో ఉద్యోగం చేసినవారు ఉన్నారు. బరంపురం పట్టుసాలెలు ఉన్నారు. రెండేళ్ళకొకసారి జరిగే బూఢీ ఠాకురాణి జాతర ఆ నేతవారి కులపెద్ద ఇంటితో ముడిపడి ఉంటుంది. 1936లో సరిహద్దు గీసినప్పుడు ఇంట్లో ఏమి మాట్లాడుకున్నారో తాతలు చెప్పగా విన్నవారు ఉన్నారు. గిడుగువారు ఆ ఏడే పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారన్న సంగతి పుస్తకాల్లో ఉంది. వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయిన వేలాది కుటుంబాల లెక్క మాత్రం ఎక్కడా లేదు.

మాట్లాడించడానికి ఇద్దరు విద్యార్థులు వెళ్ళాలి: ఒకరు అడగడానికి, ఒకరు రాసుకోవడానికి. పరిచయం చేయడానికి పూర్వవిద్యార్థి ఉండాలి గాని, పరిచయం అయ్యాక ఆయన పక్కగదిలోకి వెళ్ళిపోతే మంచిది. సొంత ఊరివాడి ముందు పెద్దవారు కొన్ని విషయాలు దాచుకుంటారు. మొదటి ప్రశ్న ‘ఏ సంవత్సరం?’ అని ఉండకూడదు. “తాతగారూ, మీ చిన్నప్పుడు ఈ వీధిలో ఎవరెవరి ఇళ్ళు ఉండేవి?” అని అడిగితే, మాట దానంతటదే సాగుతుంది, ఇల్లు కట్టిన ఏడు, పెళ్ళయిన ఏడు, తుపాను వచ్చిన ఏడు వంటి గుర్తులతో కాలాన్ని తరువాత తేల్చుకోవచ్చు. ఆడవారితో ఆడపిల్లలే, మగవారు లేని వేళ మాట్లాడాలి. నేత ఇంట్లో కండెలు చుట్టినది, రంగులు వేసినది, రంగంనుంచి డబ్బు రాని నెలల్లో ఇల్లు నడిపినది వారే అయినా, మగవారు పక్కన ఉంటే “ఆయన్నే అడుగమ్మా” అని తప్పుకుంటారు.

ఫోనులో రికార్డు చేసేటప్పుడు కాల్స్ రాకుండా విమానం గుర్తు నొక్కి పెట్టాలి. మొదట్లోనే ఊరు, తేదీ, మాట్లాడేవారి పేరు, వారి సమ్మతి వారి గొంతులోనే రికార్డు కావాలి. ఎత్తిరాసేటప్పుడు మాటను దిద్దకూడదు. ఒడియా మాటలు కలిసిన మన తెలుగును పాఠ్యపుస్తకపు తెలుగుగా మార్చి రాస్తే, ఆ మనిషీ పోతాడు, ఆ ప్రాంతమూ పోతుంది. కులాల గొడవలు, భూమి తగాదాలు, బతికి ఉన్నవారిపై నిందలు వచ్చిన భాగాలను విడిగా గుర్తించి, అధ్యాపకుని అనుమతి లేకుండా ఎవరికీ వినిపించకూడదు.

సవర గిరిజనుల గ్రామాలకు వెళ్ళినప్పుడు ఊరి దుకాణదారును దుబాసీగా పెట్టుకోవడం తేలిక గాని, అప్పు ఇచ్చినవాని ముందు అప్పు తీసుకున్నవారు ఏమి చెబుతారో ఊహించవచ్చు. సవరభాష ఇంటిభాషగా గల విద్యార్థి శాఖలో ఉంటే, ఆ ఊళ్ళ పని ఆ విద్యార్థి నాయకత్వంలోనే జరగాలి. ఆ భాషకు 1936లో మంగెయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి ఉందన్నది తక్కిన విద్యార్థులు ముందే తెలుసుకొని వెళ్ళాలి.

ఇంటి కాగితాలు, చట్టం

అసలు ప్రతిని కళాశాలకు తీసుకురాకూడదు. యజమాని తానే ఇస్తానన్నా, మొదటిసారి ఫోటోలు మాత్రమే తీసి ఇంట్లోనే ఉంచి రావాలి. రెండు వందల కాగితాలు తెచ్చి బీరువాలో పెట్టి మరచిపోయిన శాఖకు ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ తలుపు తీయరు. తాళపత్రాలు ఒకదానికొకటి అంటుకొని ఉంటే బలవంతంగా విడదీయకూడదు. నిమ్మగడ్డి నూనె రాయడం పాత పద్ధతే అయినా తెలిసినవారు చేయవలసిన పని. తాళపత్రాల పెద్ద సేకరణ ఉన్న భువనేశ్వర్ రాష్ట్ర మ్యూజియంవారిని సలహా అడగవచ్చు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపానులు ఈ తీరాన్ని ఎలా ఊపివేశాయో చూసినవారికి, కాగితాలు అటకమీద కాక గాలి చొరని పెట్టెలో, నేలకు ఎత్తుగా ఉంచమని యజమానికి చెప్పడం ఎంత అవసరమో తెలుసు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం సాధారణంగా నూరేళ్ళు దాటిన వస్తువులు, చారిత్రక, సాహిత్య విలువగల వ్రాతప్రతులైతే 75 ఏళ్ళు దాటినవి, పురావస్తువుల కిందికి వస్తాయి; వాటిని దేశం దాటించడం నేరం. భూమిలో పాతిన నిధి ఏదైనా బయటపడితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. ఈ మాట ఇంటివారికి మెల్లగా, భయపెట్టకుండా చెప్పాలి. నాణేల ధర ఎంత అని అడిగితే విద్యార్థి జవాబు చెప్పకూడదు.

పత్రాగారాలు, నకళ్ళు, అప్పగింత

1936కు ముందు గంజాం కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పత్రాగారం, తరువాతి వాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర పత్రాగారం చూడాలి. శాఖాధ్యక్షుని ఉత్తరం, గుర్తింపు కార్డు, విషయం ఒక పేరాలో రాసి పట్టుకెళ్ళాలి. చెన్నైలో స్థిరపడిన పూర్వవిద్యార్థి ఇంట్లో వారంరోజులు బస దొరికితే, ఎమ్మే విద్యార్థి సొంత ఖర్చుమీద కూడా ఈ పని చేయగలడు. సమ్మేళనంలో శాలువా కప్పించుకోవడంకంటే ఇది పెద్ద సాయమని పూర్వవిద్యార్థులకు నేరుగానే చెప్పవచ్చు.

ఎమ్మే విద్యార్థులకు ప్రాజెక్టు అంశాలు ఈ రిజిస్టరులోనుంచే ఇవ్వాలి. ‘కళింగ సంస్కృతి’ వంటి అంశం ఇచ్చినవారికి నాలుగు పుస్తకాలనుంచి ఎత్తిరాసిన యాభై పేజీలు వస్తాయి. ‘రిజిస్టరు 14వ సంఖ్యలోని దస్తావేజుల కట్ట’ అని ఇస్తే, కొత్త విషయం పది పేజీలైనా వస్తుంది. పూర్తయిన ప్రతి వ్యాసం ఒక నకలు ఆ ఊరి బడికి, ఒకటి ఆధారం చూపించిన ఇంటికి చేరాలి. అందులో చూపించినవారి పేరు, వారు ఒప్పుకుంటేనే, మొదటి పేజీలో ఉండాలి.

ఏడాది చివర పరీక్షలకు ముందు, చివరి సంవత్సరం విద్యార్థులు తమ తరువాతి తరగతిలో ఇద్దరికి రిజిస్టరును పేజీపేజీ చూపి అప్పగించాలి. సగంలో ఉన్న పనులు, మళ్ళీ వెళ్ళాలని మాట ఇచ్చిన ఇళ్ళు, తిరిగి ఇవ్వవలసిన నకళ్ళు ఒక కాగితంమీద రాసి, శాఖాధ్యక్షుని సంతకంతో పుస్తకం మొదట్లో అంటించాలి. ఫోటోలు, రికార్డింగుల నకళ్ళు ఒకటి శాఖలో, ఒకటి కళాశాల గ్రంథాలయంలో, ఒకటి సరిహద్దుకు అటువైపు ఉండే పూర్వవిద్యార్థి ఒకరి దగ్గర ఉంచి, ఆ మూడు చోట్లా అవి తెరుచుకుంటున్నాయో లేదో ప్రతి జూలైలో ఒకసారి తెరిచి చూడాలి.